పెద్ద ఈరన్న పాటలు

చెన్నపట్నం,
12 జులై 1937

పూజ్యురాలైన మహాదేవమ్మ అత్తకు మేనల్లుడు దేవేంద్రప్ప నమస్కరించి రాసేది.

నా చేతిరాత చూసి నీకు చాలా కాలమైంది. నాన్న దినాలకు కడప వచ్చినప్పుడు "చదివిన కాడికి చాలు, ఇంక మగ్గంలో కూర్చో" అన్నావు. నీ మాట వినలేదు. బి.ఏ. అయింది. ఇప్పుడు ఇక్కడ విశ్వవిద్యాలయంలో సంగీత చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాను. పరిశోధన అంటే పాడటం కాదు. పాటలు ఎక్కడ పుట్టాయి, ఎవరు కట్టారు, ఎంత పాతవి అని వెతకడం. గ్రంథం రాసి పెద్దలను ఒప్పిస్తే పట్టా ఇస్తారు. పట్టా ఉంటే కాలేజీలో ఉద్యోగం.

నా తోటి విద్యార్థులందరూ తంజావూరు దిక్కు వాళ్లు. మా ఆచార్యులవారు మొదటిరోజే నన్ను చూసి "మీ దత్తమండలంలో రాళ్లు తప్ప సంగీతం ఏముందయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు. సమాధానం ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు సెలవులకు కోడుమూరు వస్తే, నువ్వు పొద్దున్నే వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పట్టిస్తూ పాడేదానివి. మిగతా ఆడవాళ్లు నీ వెనక అందుకునేవాళ్లు. ప్రతి పాట చివరా ఈరన్న పేరు వచ్చేది. ఆ పాటలన్నీ రాసి పంపు. ఊళ్లో మరే ఆడదానికీ అక్షరాలు రావు, నీకు మాత్రం నాన్న నేర్పాడు. ఇందుకే నేర్పాడనుకో.

ఇట్లు,
దేవేంద్రప్ప

*

కోడుమూరు,
ఆగస్టు 1937

చిరంజీవి దేవేంద్రప్పకు అత్త దీవెనలు. మేము బాగున్నాం, వానలే బాగా లేవు.

పాటలు పాడకుండా పాటల మీద పట్టా ఇస్తారని రాశావు. ఎదురింటి చౌడమ్మకు చదివి వినిపిస్తే "నేయకుండా చీరల మీద గూడా పట్టా ఇస్తారేమో అడుగక్కా, మా ఆయప్పకు పనికొస్తాది" అనింది. మీ నాన్న నేర్పినట్టు పుస్తకపు మాటల్లోనే రాస్తున్నాను. మాట్లాడినట్టు రాస్తే మొట్టికాయ వేసేవాడు.

ఇవి కూర్చుని పాడే పాటలు కావు. పడుగు పొడుగునా నడుస్తూ, గంజి కుంచె లాగుతూ పాడాలి. కుంచె పోయేటప్పుడు ఒక మాట, తిరిగి వచ్చేటప్పుడు ఒక మాట. కుంచె లేకపోతే నాకు వరుస గుర్తుండదు. అందుకని చేతిలో కుంచె పట్టుకుని, కాసేపు నడిచి, మళ్లీ వచ్చి రాశాను. చూసినవాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు. ఎనిమిది పాటలు పంపుతున్నాను. అందరూ ఎక్కువగా అడిగేది ఇది:

పట్టిన చెయ్యి విడిచి పడమర పోతివా
పొగబండి ఎక్కి నువ్వు సోలాపురం పోతివా
కుండలో గింజ లేదు కంటికి నిద్ర లేదు
పెద్ద ఈరన్నా, నీ మొకము మండా

ఎవరు కట్టారు, ఎంత పాతవి అని అడిగావు. పాడుతున్నాం, అంతే రాసుకో.

మీ అత్త

*

చెన్నపట్నం,
3 అక్టోబరు 1937

అత్తకు నమస్కారాలు.

నువ్వు పంపింది ఎంత పెద్ద నిధో నీకు తెలియదు. వరుస నాకు గుర్తుంది కాబట్టి ఆచార్యులవారి ముందు పాడాను. ఆయన కళ్లు మూసుకుని విని "ఇది ఆనందభైరవికి పాత రూపంలా ఉంది" అన్నారు. తంజావూరు వాళ్లు ఎవరూ నవ్వలేదు.

ఈరన్న అంటే వీరభద్రస్వామి. పెద్ద అన్నది మహా అనే అర్థంలో వాడారు. పడమర అంటే అస్తమయం, జీవుడు దేవుణ్ణి వెతుక్కుంటూ పోయే దిక్కు. "నీ మొకము మండా" అన్నది పైకి తిట్టులా ఉంటుంది గాని తిట్టు కాదు. వీరభద్రుడు అగ్నిముఖుడు. ఆ ముఖం జ్వలించాలని భక్తురాలి కోరిక. దీన్ని నిందాస్తుతి అంటారు. ఇన్ని వందల ఏళ్లుగా మన ఆడవాళ్లు గంజి కుంచె చేతబట్టి ఇంత లోతైన మాటలు పాడుతున్నారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

రెండో వరుస మాత్రం నోటికి నోటికి మారి చెడిపోయింది. రైళ్లు మొన్నమొన్న వచ్చినవి, ఈ పాట విజయనగర రాజుల కాలానిది. అందుకని దిద్దాను. పొగబండి కాదు, పొగమబ్బు. సోలాపురం కాదు, శైలపురం. శైలపురం అంటే కైలాసమన్నమాట. "పొగమబ్బు ఎక్కి నువ్వు శైలపురం పోతివా." చదువుకో, ఎంత అందంగా ఉందో.

ఇంకా పాటలుంటే పంపు.

దేవేంద్రప్ప

*

కోడుమూరు,
నవంబరు 1937

చిరంజీవి దేవేంద్రప్పకు అత్త దీవెనలు.

నీ జాబు చదివి మొదట నవ్వాను. చౌడమ్మకు చదివితే ఆమె కుంచె కింద పెట్టి మరీ నవ్వింది. తర్వాత ఇద్దరికీ నవ్వు రాలేదు.

మిగతావి నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో. సోలాపురం మాత్రం మార్చవద్దు. పడుగులో పోగు తెగితే అతుకుతాం గాని, మనకు నచ్చలేదని రంగు మార్చం. ఒక్కసారి కోడుమూరు వచ్చి పో. కాగితం మీద రాయడానికి నాకు వీలుకాని మాట ఒకటి ఉంది. మీ నాన్న ఉంటే ఆయనే చెప్పేవాడు.

మీ అత్త

*

కడప,
20 మే 1938

అత్తకు నమస్కారాలు.

సెలవులకు అమ్మ దగ్గరికి వచ్చాను. కోడుమూరు రావాలనే ఉంది గాని ఈ ఎండల్లో ప్రయాణం చేస్తే గ్రంథం వెనకబడుతుంది. సగం పైన రాసేశాను. "దత్తమండలపు నేత ఊళ్లలో వీరశైవ గేయ సంప్రదాయం" అని పేరు. ఒక పత్రికలో వ్యాసం కూడా పడింది. రాళ్లు తప్ప ఏముందన్న ఆచార్యులవారు మొన్న నన్ను తన ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. నేతగాడి కొడుకును ఆ ఇంట్లో కూర్చోబెట్టడం అంటే ఏమిటో నీకు చెప్పనక్కర లేదు.

చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే జాబులోనే రాయి. అచ్చులో పడ్డ వ్యాసం పంపుతున్నాను, చూసి సంతోషించు.

దేవేంద్రప్ప

*

కోడుమూరు,
జూన్ 1938

దేవేంద్రప్పకు అత్త రాసేది.

వ్యాసం చూశాను. బడిపంతులు రామలింగప్ప నలుగురిలో గట్టిగా చదివాడు. సంతోషించలేదు.

నువ్వు రావు కాబట్టి రాయాల్సి వచ్చింది. ఆ పాటల్లో ఉన్నది దేవుడు కాదు. మీ మామ. నువ్వు పుట్టక ముందు, కరువు వచ్చిన ఏడాది, మిల్లులో పని దొరుకుతుందని పొగబండి ఎక్కి సోలాపురం పోయిన మనిషి. ఆరు నెలల్లో పిలిపించుకుంటానన్నాడు. ఆ తర్వాత జాబు లేదు, కబురు లేదు. మన ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. నేను ఎత్తకూడదు. మొగుని పేరు పెళ్లాం నోటితో పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందంటారు. పలకడానికి మాకున్న తావు పాట ఒక్కటే. పెళ్లినాడు గడప దాటేటప్పుడు కొత్త కోడలితో మొగుని పేరు చెప్పించేది కూడా పాటలోనే కదా. అందుకని పాట కట్టుకున్నాను. ఒకటి కట్టాక ఇంకొకటి. పాటలో ఎన్నిసార్లు పలికినా, ఎంత తిట్టినా తప్పు లేదు. "నీ మొకము మండా" అంటే ఆ మొకం మండాలనే. పాత పాట కాదు, లోతూ లేదు. కడుపు మంట.

ఊళ్లో దేవుని పాట అనుకున్నారు, అనుకోనీ అని ఊరుకున్నాను. పరువు దక్కింది. నా తిట్టూ నాకు మిగిలింది. ఇప్పుడు నువ్వు దాన్ని కూడా తీసుకుపోయి దేవునికి దండ వేశావు.

ఇంకొక మాట. మీ మామ తమ్ముడు, నీ చిన్నమామ పేరు చిన్న ఈరన్న. చిన్నవాడి వెనక పెద్దవాడు ఉంటాడని బి.ఏ. చదివినవాడికి తోచలేదంటే నమ్మను. సోలాపురం అని చదివినప్పుడే నీకు తెలిసింది. తెలియనివాడు దిద్దడు.

మహాదేవమ్మ అత్త పాటలు, మొగుణ్ణి తిట్టినవి అని రాయి. అంతకంటే నాకేమీ వద్దు.

మీ అత్త

*

చెన్నపట్నం,
9 జనవరి 1939

అత్తకు నమస్కారాలు.

ఇన్ని నెలలు జవాబు రాయలేకపోయాను. గ్రంథం మొన్న అప్పగించాను. ఉన్నది ఉన్నట్టే అప్పగించాను.

నువ్వు చెప్పింది నిజం కావచ్చు. కానీ ఒకటి అర్థం చేసుకో. నువ్వు కట్టిన పాట అయితే దానికి చరిత్ర లేదు. చరిత్ర లేని పాట మీద పట్టా లేదు. మొగుడి మీద పెళ్లాం కోపం సంగీతం కాదంటారు. అదే కోపం దేవుడి మీదైతే, నాలుగు వందల ఏళ్లదైతే, కళ్లు మూసుకుని వింటారు. ఈ లెక్క నేను పెట్టింది కాదు. నేను వచ్చేసరికే ఉంది.

వచ్చే నెల పరీక్షకులు ఒకరు కోడుమూరు వచ్చి పాటలు స్వయంగా వింటారు. నేను వెంట రాకూడదు, అది నియమం. ఎవరు నేర్పారని అడిగితే మీ అమ్మమ్మ నేర్పిందని చెప్పు. ఒక్క మాట. నాన్న ఉంటే ఆయన కూడా నీ కాళ్లు పట్టుకుని అడిగేవాడు.

దేవేంద్రప్ప

*

కోడుమూరు,
ఫిబ్రవరి 1939

దేవేంద్రప్పకు అత్త రాసేది.

మీ పెద్దమనిషి వచ్చి పోయాడు. చనిపోయిన మీ నాన్నను అడ్డం పెట్టుకుని అడిగావు కాబట్టి, ఆయన పేరు మీద అబద్ధం చెప్పకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

వీధిలో కుర్చీ వేశాం. రామలింగప్ప పంతులు పక్కన నిలబడ్డాడు. పెద్దమనిషిది అరవ యాస, మా మాట ఆయనకు సరిగ్గా తెలియదు. పాడమన్నాడు, కుంచె పట్టుకుని పాడాను. పొగబండి, సోలాపురం అన్నీ ఉన్నట్టే పాడాను. ఆయన నీ కాగితం చూసుకుంటూ "పాపం, ఈమె నోట పాఠం చెడిపోయింది" అన్నాడు. అని నీ దిద్దుబాటు పక్కన సరే అన్నట్టు గీత పెట్టాడు.

"ఇవి ఎవరు కట్టినారమ్మా?" అని అడిగాడు.

"నేనే కట్టినా సామీ" అన్నాను.

"నిజమైన భక్తులందరూ అలాగే అనుకుంటారు" అని నవ్వాడు.

"ఇది బత్తి గాదు సామీ. పాటలో ఉండే ఆయప్ప నా మొగుడు. నన్నిడిసి పోయినాడు, యాడుండాడో తెలీదు. అందుకే తిడతాండా" అన్నాను.

ఆయన పంతులు దిక్కు చూశాడు. పంతులు గొంతు సవరించుకుని, పుస్తకపు మాటల్లోకి తిప్పాడు. "స్వామియే నా భర్త, నన్ను విడిచి మరుగైనాడు, ఆ విరహము చేత నిందించుచున్నాను అని ఈమె చెప్పుచున్నది" అన్నాడు. పంతులు నీ వ్యాసం చదివినవాడు కదా.

పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీలో నుంచి లేచి నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వీధి మొత్తం చూసింది. కాదు సామీ, నేను చెప్పింది అది కాదు అన్నాను. అప్పటికి ఆడవాళ్లు నా కాళ్ల దగ్గరికి వంగుతున్నారు. నా మాట ఎవరికీ వినపడలేదు.

అత్త

*

చెన్నపట్నం,
30 ఏప్రిల్ 1939

పూజ్యురాలైన అత్తకు సాష్టాంగ నమస్కారాలు.

పట్టా వచ్చింది. నువ్వు నన్ను కాపాడావు. పరీక్షకులు తన నివేదికలో రెండు పుటలు నీ గురించే రాశారు. దేవుణ్ణే భర్తగా భావించే మధురభక్తి ఈ కాలంలో కూడా ఒక నేత ఊళ్లో బతికి ఉందని, అది కళ్లారా చూశానని రాశారు. అచ్చు వేసేటప్పుడు దాని మీద ఒక అధ్యాయం చేర్చమన్నారు. చేరుస్తున్నాను. కాలేజీ ఉద్యోగం కూడా దాదాపు ఖాయం.

నువ్వు ఏం చెప్పాలనుకున్నావో నాకు తెలుసు. చెప్పావు కూడా. వినేవాళ్లు ఇంకోలా విన్నారు. దానికి మనిద్దరం ఏం చేయగలం?

పండ్ల కాలం కదా, బనగానపల్లె మామిడిపండ్లు బుట్టెడు పంపించే ఏర్పాటు చేశాను.

దేవేంద్రప్ప

*

కోడుమూరు,
నవంబరు 1939

దేవేంద్రప్పకు మహాదేవమ్మ అత్త రాసేది.

పెద్ద ఈరన్న చనిపోయాడు. ఇప్పుడు ఆ పేరు రాయవచ్చు, తగ్గడానికి ఆయుస్సు లేదు.

చౌడమ్మ అల్లుడు సుంకప్ప సోలాపురం నుంచి వచ్చి చెప్పాడు. మిల్లులో దగ్గు పట్టి పోయాడట. అక్కడ ఇంకొకామె ఉందట, ముగ్గురు పిల్లలట. "ఆయమ్మ గాజులు పగలగొట్టుకుని ఏడ్సింది పెద్దమ్మా, నేను సూసినా" అన్నాడు. నన్ను ఎప్పుడైనా తలచుకున్నాడా అని అడగమని చౌడమ్మ సైగ చేసింది. నేను అడగలేదు.

ఏడుపు వస్తుందనుకోలేదు. వచ్చింది. ఇన్నేళ్లు తిట్టిన మనిషి పోతే ఏడుపు రాకుండా ఎట్లా ఉంటుంది. స్నానం చేసి, గాజులు తీయించుకుందామని చిన్న ఈరన్నకు కబురు పెట్టాను. పోయిన మనిషికి తోడబుట్టినవాడు, ఆయన కూర్చోకపోతే ఏ కార్యమూ జరగదు. వచ్చి గుమ్మంలో నిలబడి, "వదినా, మాయన్న పోతే పోయినాడు. సామి పోలేదు గదా. నువ్వు గాజులు తీస్తే ఊరికి అరిష్టం. ఇంతమంది వస్తాండారు, పోతాండారు, వాళ్లకేం చెప్పల్ల?" అన్నాడు. నాకు మొక్కడానికి వచ్చేపోయేవాళ్లు కూర్చోవడానికి మన ఇంటి ముందు ఆయనే అరుగు కట్టించాడు. టెంకాయలు కూడా ఆయనే అమ్ముతున్నాడు.

ఒక్క ఆడది నా ఇంటికి ఏడవడానికి రాలేదు. ముసలివాళ్లకు ఆయన ఎవరో, ఎక్కడికి పోయాడో తెలుసు. తెలిసినవాళ్లే ముందుగా వచ్చి మొక్కుతున్నారు.

నా మాట ఎవరూ నమ్మరు. నేను నిజం చెప్తే భక్తి అంటారు, గట్టిగా చెప్తే పూనకం అంటారు. నీ మాట నమ్ముతారు. అచ్చు వేసినవాడే వచ్చి కాదని చెప్పాలి. నువ్వు ఒక్కసారి వచ్చి అరుగు మీద నిలబడి, పెద్ద ఈరన్న అనేవాడు మనిషి, మా మామ, సోలాపురంలో చచ్చిపోయాడు అని చెప్పు. నేను గాజులు తీసి నాలుగు రోజులు ఏడ్చుకుంటాను. ఆ తర్వాత నీ పుస్తకంలో ఏమైనా రాసుకో, నేను నోరెత్తను.

అత్త

*

కడప,
18 డిసెంబరు 1939

అత్తకు నమస్కారాలు.

మామ సంగతి విని విచారించాను. అమ్మ కూడా కంటతడి పెట్టింది.

పుస్తకం ఇప్పుడు అచ్చులో ఉంది. కాలేజీ వాళ్లు వచ్చే నెల నిర్ణయిస్తారు. ఈ సమయంలో నేను కోడుమూరు వచ్చి అరుగెక్కి అలాంటి మాట చెబితే అది ఎక్కడెక్కడికి పోతుందో నీకు తెలియదు. కొన్నాళ్లు ఆగు.

అసలు ఇందులో నీకు నష్టమేమిటి? ఊరు ఊరంతా నీకు మొక్కుతోంది. బోడి చేతులతో మూల కూర్చోవడం కంటే ఇది మేలు కాదా? మంచి మనసుతో ఆలోచించు.

దేవేంద్రప్ప

*

కోడుమూరు,
జనవరి 1940

దేవేంద్రప్పకు,

మూల కూర్చోవడం కంటే మేలు కాదా అన్నావు. ఆ మూల నాది. భీమమ్మ మొగుడు పోయినప్పుడు వీధి ఆడవాళ్లం అందరం పోయి ఆమె పక్కన కూర్చున్నాం. పోయినవాణ్ణి తిట్టి, ఉన్నదాన్ని తిట్టి, అందరం కలిసి ఏడ్చి, గంజి తాగించి వచ్చాం. ఈ ఊళ్లో ఏ దిక్కులేనిదానికైనా అంతమాత్రం దొరుకుతుంది. సోలాపురంలో ఆ తెలియనామెకు కూడా దొరికింది. నాకు నీ వల్ల దొరకలేదు.

నువ్వు రావని తెలిశాక నేనే మగ్గానికేసి గాజులు పగలగొట్టుకున్నాను. చేయి తెగింది. బొట్టు తుడుచుకుని వీధిలో కూర్చున్నాను, చూసి ఎవరైనా వస్తారని. వచ్చారు. చిన్న ఈరన్న ముందు, వెనక ఆడవాళ్లు, పళ్లెంలో పసుపు, కుంకుమ, కొత్త గాజులు. "అమ్మ సామి మీద అలిగినాది" అన్నాడు చిన్న ఈరన్న. ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు. చౌడమ్మ గాజులు తొడిగింది. అన్నీ తెలిసిన చౌడమ్మ. తొడుగుతూ నా చెవిలో "ఊరుకోక్కా, అందరికీ మంచిదే గదా" అనింది. నేను గట్టిగా ఏడ్చాను. ఏడుపును కొత్త పాట అనుకుని వెనక అందుకున్నారు. పోయేటప్పుడు పగిలిన గాజు పెంకులు ఏరుకుని కొంగుల్లో కట్టుకుని పోయారు, పూజలో పెట్టుకుంటారట.

నేనిక పాడను. పాడకపోతే మౌనవ్రతం అంటున్నారు. పంతులు ఆ సంగతి నీకు జాబు రాస్తానన్నాడు, అధ్యాయంలో పనికొస్తుందని.

నీకు ఉద్యోగం రావాలని కోరుకుంటున్నాను, నిజంగానే. వచ్చాక నీకు భయం ఉండదు. నేను పోయినప్పుడు నీకు కబురు వస్తుంది. అప్పుడైనా రా. వచ్చి, ఈమె దేవుని పెళ్లాం కాదు, సోలాపురంలో దగ్గుతో చచ్చిన నేతగాడి పెళ్లాం అని నలుగురిలో చెప్పి, మట్టిలో పెట్టించు. ఆలస్యం చేయవద్దు. చిన్న ఈరన్న నాకు గుడి కట్టడానికి ఇప్పటికే చోటు చూసి పెట్టాడు.

పెద్ద ఈరన్న భార్య
మహాదేవమ్మ